కమ్మరి కుమారుడు - మైఖేల్ ఫారడే

నంద్యాల నుండి కోవెలకుంట్లకుగాని, కడప నుండి కమలాపురమునకుగాని పోవు బాటలయందు, చీకటి పడిన వేళ సైకిలుపై ఇల్లు చేరు రైతులు పూర్వము తరచుగా కనబడుచుండెడివారు. ఆ సైకిలు చక్రము ప్రక్కన చిన్న సీసా వంటి యంత్రమొకటి అమర్చబడి యుండెడిది. దాని తలను చక్రమునకు ఆనించి తొక్కినచో ముందున్న దీపము వెలిగెడిది. తొక్కుట మానగానే ఆరిపోయెడిది. నూనె లేదు, వత్తి లేదు, అగ్గిపుల్లతో పని లేదు. ఆ యంత్రమునకు డైనమో అని పేరు. దానిని విప్పి చూచిన కుర్రవానికి లోపల రెండే ముఖ్యమైన వస్తువులు కనబడును. ఒకటి గుండ్రని అయస్కాంతము. రెండవది దాని చెంత నమరిన రాగి తీగచుట్ట. ఈ రెంటి కలయికనుండి విద్యుచ్ఛక్తి పుట్టునని లోకమునకు చాటినవాడు ఒక పేద కమ్మరి కుమారుడు. అతని పేరు మైఖేల్ ఫారడే.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన, ఇంగ్లండు దేశమున లండను నగరము చెంత నున్న న్యూయింగ్టన్ బట్స్ అను చోట జన్మించెను. తండ్రి జేమ్స్ ఫారడే కమ్మరి. అతనికి ఆరోగ్యము చాలదు. కొలిమి ముందు నిలువలేని దినములు ఏటేట పెరుగుచుండెను. నలుగురు బిడ్డలలో మైఖేల్ మూడవవాడు. 1801లో ధాన్యపు ధరలు మిన్నంటినపుడు ఆ బాలునికి వారమునకు ఒక్క రొట్టె చొప్పున ఇచ్చుచుండిరట. కరవు కాలమున ఒక్క సంగటి ముద్దను ఇంటిల్లిపాది పంచుకొనిన కథలను తాతల నోట వినిన రాయలసీమ బాలురకు ఆ రొట్టె విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్టి ఇంటిలో చదువునకు అవకాశమెక్కడిది? చదువుట, వ్రాయుట, కొంచెము లెక్కలు - ఇంతవరకే అతని బడిచదువు సాగెను. పదుమూడవ యేట, అనగా 1804లో, జార్జి రీబో అను పుస్తకముల వర్తకుని వద్ద వార్తాపత్రికలు చేరవేయు పనికి కుదిరెను. మరుసటి సంవత్సరము రీబో ఆ బాలుని బైండింగు పని నేర్చుకొనుటకు శిష్యునిగ చేర్చుకొనెను. ఆ శిష్యరికము ఏడేండ్లు.

ఇతర శిష్యులు పుస్తకములకు అట్టలు కట్టి ఊరకుండిరి. ఫారడే వానిని విప్పి చదువజొచ్చెను. ఒకనాడు ఒక విజ్ఞానసర్వస్వము బైండింగునకు వచ్చెను. అందు విద్యుత్తును గూర్చిన వ్యాసము అతని కంటబడెను. జేన్ మార్సెట్ అను విదుషీమణి రసాయన శాస్త్రమును సంభాషణ రూపమున రచించిన గ్రంథము మరియొకటి అతనికి చిక్కెను. అయినను చదివినది నిజమో కాదో తన చేతితో చేసి చూచినగాని అతనికి తృప్తి కలుగదు. పాత సీసాలతో రాపిడి వలన విద్యుత్తు పుట్టించు యంత్రమును చేసెను. అర్ధపెన్నీ నాణెమంతటి రాగి బిళ్ళలను, యశదపు బిళ్ళలను ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ ఉప్పునీట తడిపిన కాగితపు ముక్కల నుంచి, చిన్న విద్యుద్ఘటమును తయారుచేసెను. దానితో లవణ ద్రావకమును విడగొట్టి చూచి మురిసిపోయెను. చేతిలోని కొలది పైసలు ఈ వస్తువులకే వ్యయమగుచుండెను. యజమానియైన రీబో కోపపడలేదు. సరికదా, శిష్యుని ఆసక్తిని మెచ్చి ప్రోత్సహించెను.

ఆ దినములలో టాటమ్ అను నాతడు తన యింట సాయంకాలములయందు శాస్త్రోపన్యాసము లిచ్చుచుండెను. ప్రవేశ రుసుము ఒక షిల్లింగు. మైఖేల్ వద్ద అంత సొమ్ము లేదు. కమ్మరి పని చేయుచుండిన అన్న రాబర్టు తన కూలిలో నుండి ఆ షిల్లింగును తమ్మునకు ఇచ్చెను. సమ్మెటపోటు వలన వచ్చిన ఆ డబ్బు ఎంతటి ఫలమునిచ్చునో నాడు అన్నకు తెలియదు, తమ్మునకును తెలియదు.

1812లో రీబో అంగడికి వచ్చు డాన్స్ అను పెద్దమనుష్యుడు ఫారడేకు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జరుగు ఉపన్యాసములకు టిక్కెట్లు ఇచ్చెను. ఉపన్యాసకుడు సర్ హంఫ్రీ డేవీ. నాటి రసాయన శాస్త్రజ్ఞులలో అతడు అగ్రగణ్యుడు. ఫారడే నాలుగు ఉపన్యాసములను విని, ఇంటికి వచ్చి, ప్రతి విషయమును పటములతో సహా విపులముగ వ్రాసికొనెను. అది సుమారు 300 పుటల గ్రంథమయ్యెను. దానిని తన చేతులతోనే చక్కగా బైండు చేసి, తనకు శాస్త్రసేవలో ఏ చిన్న పనియైనను ఇప్పింపుమని వేడుచు, ఆ సంవత్సరాంతమున డేవీకి పంపెను. డేవీ ఆ యువకుని పిలిపించి ఆదరముతో మాటలాడెను. కాని ఖాళీ లేనందున బైండింగు వృత్తినే నమ్ముకొనుమని హితవు చెప్పెను. కొన్ని వారములలోనే ప్రయోగశాలలోని సహాయకుడొకడు తగవులాడి పనినుండి తొలగింపబడెను. డేవీకి వెంటనే ఆ బైండు చేసిన పుస్తకము గుర్తునకు వచ్చెను. 1813 మార్చి 1వ తేదీన ఫారడేకు అచట ఉద్యోగము లభించెను. వారమునకు 25 షిల్లింగుల జీతము, మేడపై రెండు గదులు, చలి కాచుకొనుటకు బొగ్గు, వెలుతురునకు క్రొవ్వొత్తులు. జగత్తుకు విద్యుద్దీపముల త్రోవ చూపబోవు వానికి తొలి జీతములో క్రొవ్వొత్తులు చేరియుండుట వింతయే గదా!

ఆ శరదృతువుననే డేవీ దంపతులు ఐరోపా యాత్రకు బయలుదేరిరి. ఫారడే సహాయకుడుగ వెంట వెళ్ళెను. ఆంపియర్, వోల్టా మొదలగు పండితులను చూచు భాగ్యము అతనికి కలిగెను. అయితే డేవీ భార్య అతనిని సేవకునివలె చూచి అవమానించెడిది. ఒకానొక సమయమున యాత్ర విడిచి, మరల బైండింగు పనికే పోదునా యని ఫారడే తలపోసెను. కాని నేర్చుకొనవలసినది ఎంతయో కలదని తలచి, అవమానమును దిగమ్రింగి, 1815లో గురువుతోనే స్వదేశము చేరెను.

1820లో డెన్మార్కు దేశీయుడగు అయిర్‌స్టెడ్ ఒక గొప్ప సంగతి బయలుపరచెను. విద్యుత్తు ప్రవహించు తీగ చెంత నుంచిన అయస్కాంతపు సూది ప్రక్కకు తిరుగును. అనగా విద్యుత్తునకు అయస్కాంత గుణము కలదు. 1821 సెప్టెంబరులో ఫారడే ఒక పాత్రలో పాదరసము పోసి, అయస్కాంతము నిలిపి, దాని చుట్టును విద్యుత్తు ప్రవహించు తీగ గిరగిర తిరుగునట్లు చేసెను. నేటి మోటారులకు అదియే తొలి రూపము. కీర్తి వచ్చినది, దాని వెంటనే నింద కూడ వచ్చినది. ఆ భావము వోలస్టన్ అను పెద్ద శాస్త్రజ్ఞునిదనియు, ఫారడే దానిని దొంగిలించెననియు కొందరు గుసగుసలాడిరి. కూలి పనినుండి పైకి వచ్చిన వానికి మంచిపేరు తప్ప వేరు ఆస్తి యేమున్నది? ఫారడే తిన్నగా వోలస్టన్‌ను కలిసి తన ప్రయోగ మంతయు వివరించెను. వోలస్టన్ మనసున కల్మషము ఉంచుకొనలేదు. అయినను 1824లో ఫారడే పేరు రాయల్ సొసైటీ సభ్యత్వమునకు వచ్చినపుడు, దానిని వ్యతిరేకించినవాడు ఆ సంఘాధ్యక్షుడును, తన గురువునైన డేవీయే. వ్యతిరేకముగ పడిన ఓటు ఒక్కటి మాత్రమే. ఫారడే సభ్యుడయ్యెను. ఆ తరువాతను గురువును గూర్చి గౌరవముతోనే మాటలాడెను. తనను చీకటిలో నుండి తెచ్చిన చేతిని అతడు మరువలేదు.

అతని మనసును ఒక ప్రశ్న వేధించుచుండెను. విద్యుత్తు అయస్కాంత గుణమును కలిగించుచుండగా, అయస్కాంతము విద్యుత్తును ఏల కలిగింపరాదు? 1822లోనే ఈ కోరికను తన పుస్తకమున వ్రాసికొనెను. పలుమారులు ప్రయత్నించెను. తీగ ప్రక్కన అయస్కాంతమును ఉంచి చూచెను, ఏమియు కలుగలేదు. తీగ ప్రక్కన విద్యుత్తు పారు మరియొక తీగ నుంచి చూచెను, ఏమియు కలుగలేదు. ఇట్లు తొమ్మిదేండ్లు గడచెను.

1831 ఆగస్టు 29వ తేదీ వచ్చెను. అదే కాలమున మన తెలుగువాడగు ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర ముగించుకొని మద్రాసు సమీపించుచుండెను. అతడు 1830 మేలో బయలుదేరి, కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగ నడచి, బోయీలు మోయు పల్లకిలో, కాగడాల వెలుతురున ప్రయాణము చేసి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి తిరిగి ఇల్లు చేరెను. ఆ దినములలో మనుష్యుల బలము, ఎద్దుల బలము, గాలి, నీరు, ఆవిరి - ఇవియే లోకమునకు తెలిసిన శక్తులు.

ఆనాడు ఫారడే బల్లపై నున్నది మెత్తని ఇనుముతో చేసిన ఉంగరము. దాని వెడల్పు 6 అంగుళములు. దానిపై ఒక సగమున కొంత, రెండవ సగమున కొంత రాగి తీగను చుట్టెను. నాడు పూత పూసిన తీగ దొరకెడిది కాదు. చుట్టునకు చుట్టు తగులకుండ నడుమ దారమును, వరుసకు వరుస తగులకుండ నూలుగుడ్డను ఉంచి, ఓపికతో చుట్టవలసి వచ్చెను. ఒక చుట్టను విద్యుద్ఘటమునకు కలుపుటకు సిద్ధపరచెను. రెండవ చుట్ట తీగను అయస్కాంతపు సూది మీదుగ పోనిచ్చెను. మొదటి చుట్టలో విద్యుత్తు ప్రవేశించిన క్షణమున సూది కదలెను. వెంటనే నిలిచిపోయెను. విద్యుత్తును ఆపిన క్షణమున సూది మరల ఎదురుదిక్కునకు కదలెను. నడుమ ఎంత విద్యుత్తు పారినను సూది కదలలేదు.

మరియొకడైనచో అది అల్పమైన కదలిక యని విడిచియుండును. ఫారడేకు ఆ అల్పములోనే రహస్యము కనబడెను. ఇంతకాలము తాను వెదకినది నిలుకడగ నున్న అయస్కాంతమునందు. విద్యుత్తు పుట్టునది మార్పునందు! అక్టోబరు 17వ తేదీన కాగితపు గొట్టముపై రాగి తీగచుట్టలను అమర్చి, ఎనిమిదిన్నర అంగుళముల పొడవుగల అయస్కాంతపు కడ్డీని అందులోనికి చటుక్కున త్రోసెను. సూది కదలెను. వెలుపలికి లాగెను. సూది రెండవ వైపునకు కదలెను. కడ్డీ లోపల కదలక యున్నంతసేపు సూదియు కదలలేదు. అక్టోబరు 28వ తేదీన 12 అంగుళముల రాగిపళ్ళెమును ఇరుసునకు బిగించి, రాయల్ సొసైటీ వారి గొప్ప శాశ్వతాయస్కాంతపు ధ్రువముల నడుమ త్రిప్పెను. ఈమారు సూది ఒక క్షణము కదలి ఊరకుండలేదు. పళ్ళెము తిరుగుచున్నంతసేపు ఒక ప్రక్కకే మొగ్గి నిలిచెను. చేతితో త్రిప్పిన త్రిప్పుట తెంపులేని విద్యుత్ప్రవాహముగ మారెను. లోకమున తొలి విద్యుజ్జనక యంత్రము అదియే. నవంబరు 24వ తేదీన ఈ సంగతులు రాయల్ సొసైటీ సభలో చదువబడెను.

మరుసటి సంవత్సరమే పారిసు నగరమున పిక్సీ అను పనిముట్ల తయారీదారుడు, తీగచుట్టల ఎదుట గుఱ్ఱపునాడా వంటి అయస్కాంతమును చేతిపిడితో త్రిప్పు యంత్రమును నిర్మించెను. సైకిలు డైనమో ఆ వంశములోనిదే.

ఈనాటి విద్యార్థి ఫారడే ప్రయోగమును ఇంటిలోనే చేసి చూడవచ్చును. అట్టగొట్టముపై ఎనామెలు పూత గల సన్నని రాగి తీగను వేయికి తక్కువ గాకుండ చుట్లు చుట్టవలెను. తీగ రెండు కొనలయందును పూతను గీకివేసి, చిన్న ఎల్.ఇ.డి. దీపమునకు కలుపవలెను. గొట్టములోపల బలమైన అయస్కాంతమును వేగముగ ముందువెనుకలకు ఆడించినచో దీపము మినుకుమినుకుమనును. చుట్లు పెరిగినను, అయస్కాంతము బలమైనదైనను, కదలిక వేగమైనను విద్యుత్తు హెచ్చును. పూత గీకుట మరచినచో ఎంత ఆడించినను దీపము వెలుగదు. అపుడు నిరాశ పడక తీగ కొనలను పరీక్షింపవలెను.

ఇచట ఒక ధర్మమును గమనింపవలయును. సైకిలు తొక్కువాడు డైనమోను చక్రమునకు ఆనించగానే తొక్కుడు బరువగును. పుట్టిన విద్యుత్తు తనను పుట్టించిన కదలికనే అడ్డుకొనునని 1834లో రష్యా దేశమున లెంజ్ అను శాస్త్రజ్ఞుడు తెలిపెను. వెలుగు ఊరక రాదు. కాలి కండలలోని శక్తియే దీపమగుచున్నది. కావున ఒకమారు త్రిప్పి విడిచినచో తనంత తానే ఎన్నటికిని తిరుగుచు విద్యుత్తు నిచ్చు యంత్రము కలదని యెవరైనను చెప్పినచో నమ్మరాదు.

అపుడు ఫారడే ఎదుట రెండు త్రోవలుండెను. వ్యాపారులకు రసాయన పరీక్షలు చేసి యిచ్చుట వలన 1830లో అతనికి సుమారు వేయి పౌనుల రాబడి వచ్చెను. కొనసాగించినచో ధనవంతుడగుట నిశ్చయము. కాని ఆ పనులకు కాలమిచ్చినచో పరిశోధనకు కాలము చాలదు. వారమునకు ఒక రొట్టెతో పెరిగిన ఆ మనుష్యుడు ధనమును విడిచి పరిశోధనను చేపట్టెను. అతని భార్య సారా అందులకు సంతోషముతో సమ్మతించెను.

విద్యుత్తు వలన ద్రావకములు విడిపోవు నియమములను అతడు 1834 నాటికి నిరూపించెను. అతనికి ఉన్నత గణితము రాదు. ఆ లోటును కనులతో పూరించుకొనెను. కాగితముపై ఇనుప రజను చల్లి, క్రింద అయస్కాంతము నుంచి, ఆ రజను వంపులుగ నమరుట చూచి, అయస్కాంతము చుట్టును బలరేఖలు వ్యాపించియుండునని ఊహించెను. గణితజ్ఞులు కొందరు దానిని తేలికగా చూచిరి. తరువాత మాక్స్‌వెల్ అను మహాగణితజ్ఞుడు ఆ ఊహనే సమీకరణములుగ మలచెను. రేడియో తరంగములు కలవను జ్ఞానమునకు అదియే పునాది యయ్యెను.

ఎడతెగని శ్రమ వలన 1839 నాటికి అతని ఆరోగ్యము చెడెను. తల తిరుగుట, జ్ఞాపకము తప్పుట మొదలయ్యెను. కొన్ని సంవత్సరములు పరిశోధన చాలవరకు మానవలసి వచ్చెను. జ్ఞాపకశక్తియే ధనముగా గలవానికి ఇది ఎంతటి దుఃఖము! అతడు తన ప్రయోగములను వరుస సంఖ్యలు వేసి వ్రాసికొని, ఆ వ్రాతనే జ్ఞాపకముగ చేసికొనెను. 1845లో తేరుకొని, అయస్కాంతము కాంతి కిరణముపై కూడ ప్రభావము చూపునని కనుగొనెను.

బాలురన్న అతనికి అమితమైన ప్రీతి. క్రిస్మసు సెలవులలో వారికొరకు ఉపన్యాసములిచ్చెడివాడు. 1860 చివరలో ఒక క్రొవ్వొత్తి వెలుగు విధమును మాత్రమే విషయముగ తీసికొని, ఆరు ఉపన్యాసములు చేసెను.

సముద్రతీరపు దీపస్తంభములకు అతడు చిరకాలము శాస్త్ర సలహాదారుగా నుండెను. 1858 డిసెంబరులో, సౌత్ ఫోర్‌లాండ్ అను చోటి దీపస్తంభమున, హోమ్స్ అనునాతడు నిర్మించిన యంత్రముతో విద్యుద్దీపమును వెలిగించి పరీక్షించిరి. ఆ యంత్రమున శాశ్వతాయస్కాంతములు, తీగచుట్టలు అమర్చబడియుండెను. ఆవిరియంత్రము దానిని త్రిప్పుచుండెను. 1860 శీతకాలమున బాటలను మంచు కప్పియుండగా, అరువది యెనిమిదేండ్ల ఫారడే కంచెలు, గోడలు దాటి పొలములకడ్డముగా నడచి ఆ దీపమును చూడబోయెను. ఒక్క క్షణము కదలిన సూది, ఇరువదితొమ్మిదేండ్లకు నడిసముద్రపు నావికులకు దారి చూపు వెలుగయ్యెను.

రాయల్ సొసైటీ అధ్యక్షపదవి తనంత తాను వచ్చినను ఫారడే వలదనెను. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టు చెంత అతని నివాసమునకు ఒక ఇల్లు ఇచ్చెను. అచటనే 1867 ఆగస్టు 25వ తేదీన, తన పఠన మందిరమున కుర్చీలో కూర్చుండియే అతడు ప్రశాంతముగ కన్నుమూసెను. ఆడంబరము లేకుండ హైగేట్ శ్మశానవాటికలో ఖననము చేయబడెను.

నాడు కర్నూలు, కడప మండలముల పల్లెలలో ఆముదపు దీపములే వెలుగుచుండెను. రైతులు కపిలకు ఎద్దులను కట్టి బావినుండి నీరు తోడుచుండిరి. ఫారడే పేరు వారిలో ఎవ్వరును విని యుండరు. కాలము మారినది. శ్రీశైలమున కృష్ణానది కుడిగట్టున 1982లో విద్యుదుత్పత్తి ప్రారంభమయ్యెను. అచట ఏడు యంత్రములు, ఒక్కొక్కటి 110 మెగావాట్ల శక్తి గలవి, స్థాపింపబడెను. కడప మండలమున ముద్దనూరు చెంత బొగ్గు మండించి, ఆవిరితో విద్యుత్తు పుట్టించుచున్నారు. కొండలపై గాలిమరలు తిరుగుచున్నవి. ఇంతటి పెద్ద యంత్రములలో శాశ్వతాయస్కాంతమునకు మారుగ విద్యుదయస్కాంతమును తరచుగ వాడుదురు. అయినను త్రిప్పునది నీరైనను, ఆవిరియైనను, గాలియైనను, సైకిలు తొక్కు రైతు కాలైనను, లోపల జరుగునది ఒక్కటే. అయస్కాంతమునకును, తీగచుట్టకును నడుమ కదలిక కలుగును, విద్యుత్తు పుట్టును.

ఎండిన నేలలో లోతుగ దిగిన గొట్టపుబావి మోటారు మీట నొక్కగానే నీరు పైకుబుకును. ఆ నీటిధార వెనుక సమ్మెట వేసి తమ్మునకు ఒక షిల్లింగు నిచ్చిన అన్న యున్నాడు. కోపపడక శిష్యుని చదువనిచ్చిన యజమాని యున్నాడు. తొమ్మిదేండ్లు విఫలుడయ్యును ఒక సూది యొక్క చిన్న కదలికను నిర్లక్ష్యము చేయని బైండింగు కుర్రవాడున్నాడు.